దీర్ఘకాలిక నొప్పి మీద ఎలుకలతో ప్రయోగం: మోడల్ ఎంపిక నుంచి ఫలితం రాసేదాకా

షుగర్ వచ్చి పదేళ్లయిన పెద్దాయన రాత్రిపూట పాదాల మీద దుప్పటి పడనివ్వడు. ఏమిటని అడిగితే మంట అంటాడు, తిమ్మిరి అంటాడు, చీమలు పాకుతున్నట్టుంది అంటాడు. ఎలుక ఈ మూడు మాటల్లో ఒక్కటీ చెప్పదు. కాలు వెనక్కి లాక్కుంటుంది, అంతే. ఆ కాలు లాక్కోవడం నుంచి పెద్దాయన మంటదాకా ఎలా వెళ్లాలన్నదే ఈ పనిలో అసలు చిక్కు. కింద రాసిన ప్రతి మెట్టూ దాని చుట్టూ తిరిగేదే.

ఎం.ఫార్మసీలోనో, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలోనో ఉండి, గైడ్ "పెయిన్ మీద చెయ్యి" అని ఒక్క మాట అనేసి వెళ్లిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదట ఒక మాట. మన దగ్గర "నొప్పి తగ్గించే గుణం" అని పేరు పెట్టిన థీసిస్‌లు తిరగేస్తే ఎక్కువగా కనిపించేవి హాట్ ప్లేట్ (ఎలుకను వేడి పళ్లెం మీద ఉంచడం), టెయిల్ ఫ్లిక్ (తోకకు వేడి తగిలించి ఎప్పుడు లాక్కుంటుందో చూడటం), ఎసిటిక్ యాసిడ్ ఇచ్చి ఎన్ని మెలికలు తిరిగిందో లెక్కపెట్టడం. ఇవి చెడ్డ పరీక్షలేం కావు. కాకపోతే ఇవి కొలిచేది ఆ క్షణపు నొప్పిని. వేడి గిన్నె పట్టుకుంటే చెయ్యి వెనక్కి లాక్కునే నొప్పి వేరు, గాయం మానాక కూడా నెలల తరబడి సలిపే నొప్పి వేరు. వైద్యులు 3 నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలికం అంటారు. అందులో నరాల వ్యవస్థే మారిపోయి ఉంటుంది. మార్ఫిన్‌కు టెయిల్ ఫ్లిక్ బాగా లొంగుతుంది కదా అని, షుగర్ పాదాల మంటకు పనికొచ్చే మందును అదే పరీక్షతో వెతికితే దొరకదు.

మొదటి మెట్టు: ఎవరి నొప్పి?

మోడల్ (ఎలుకలో ఆ నొప్పిని పుట్టించే పద్ధతి) పేరుతో మొదలుపెట్టకండి, రోగితో మొదలుపెట్టండి. "సీసీఐ చేద్దామనుకుంటున్నాను" (నరం చుట్టూ ముడులు వేసే మోడల్) అన్న విద్యార్థిని నేను అడిగేది ఒకటే: ఏ ఓపీలో కూర్చున్న ఏ మనిషి కోసం? దానికి జవాబు వస్తే మోడల్ దాదాపు దానంతటదే తేలిపోతుంది.

నరం నలిగిపోవడం వల్ల వచ్చే నొప్పి అయితే దారులు చాలా ఉన్నాయి. 1988లో బెన్నెట్, షీ తుంటి నరం చుట్టూ నాలుగు వదులు ముడులు వేసి చూపించారు. అదే సీసీఐ (క్రానిక్ కన్‌స్ట్రిక్షన్ ఇంజురీ). 1990లో సెల్ట్జర్ బృందం నరంలో మూడో వంతు నుంచి సగందాకా గట్టిగా కట్టేసే పద్ధతి తెచ్చింది. 1992లో కిమ్, చుంగ్ వెన్ను దగ్గరే ఎల్5, ఎల్6 నరాలు కట్టారు. 2000లో డెకోస్టర్డ్, వూల్ఫ్ తుంటి నరం మూడు పాయలుగా చీలేచోట టిబియల్, కామన్ పెరోనియల్ పాయలను కట్టి కోసి, సూరల్ పాయను మాత్రం ముట్టుకోకుండా వదిలేశారు. ఇది ఎస్‌ఎన్‌ఐ (స్పేర్డ్ నర్వ్ ఇంజురీ). దీని ప్రభావం నెలల తరబడి నిలుస్తుంది. నన్నడిగితే చెయ్యి తిరగని కొత్తవాళ్లకు ఎస్‌ఎన్‌ఐ నయం. పాయ తెగిందా లేదా అన్నదే ప్రశ్న, ఎంత వదులుగా కట్టాలన్న గొడవ లేదు. అయినా మన కాలేజీల్లో సీసీఐనే ఎక్కువ చేస్తారు కాబట్టి దాన్నే కింద వివరంగా రాశాను.

షుగర్ నరాల నొప్పికి, ఇన్సులిన్ చేసే కణాలను చంపే స్ట్రెప్టోజోటోసిన్ ఇస్తారు. ఎలుకలో 45 నుంచి 65 మి.గ్రా./కిలో మధ్య, సిట్రేట్ బఫర్‌లో అప్పటికప్పుడు కలిపి ఇవ్వాలి. పొద్దున కలిపి మధ్యాహ్నం వాడితే మందు చచ్చిపోయి ఉంటుంది. మూడు రోజుల తర్వాత రక్తంలో చక్కెర 250 మి.గ్రా. దాటినవాటినే తీసుకోవడం ఆనవాయితీ. ఇందులో ఒక తంటా ఉంది. ఆ ఎలుకలు బక్కచిక్కిపోతాయి, పంజరమంతా తడిపేస్తాయి, నీరసపడతాయి. కాలు లాక్కోకపోతే అది మందు గొప్పతనమో, లాక్కునే ఓపికే లేదో చెప్పడం కష్టం.

కీమో తీసుకునేవాళ్ల చేతులూ కాళ్ల తిమ్మిర్లకు ప్యాక్లిటాక్సెల్ 2 మి.గ్రా./కిలో చొప్పున రోజు విడిచి రోజు నాలుగుసార్లు ఇచ్చే పద్ధతి బాగా వాడుకలో ఉంది. ఇందులో సర్జరీ అక్కర్లేదు, రోగికి జరిగేదే ఎలుకకూ జరుగుతుంది. అందుకే రోగికి బాగా దగ్గరగా ఉండే మోడళ్లలో ఇదొకటని నా నమ్మకం. మోకాళ్ల అరుగుదలకు కీలులోకి మోనో అయోడో ఎసిటేట్, వాపుతో వచ్చే నొప్పికి పాదంలోకి సీఎఫ్ఏ (కంప్లీట్ ఫ్రాయిండ్స్ అడ్జువెంట్), ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా లాంటి స్థితికి వరసగా మూడు రోజులు రిసర్పిన్ ఇస్తారు.

ఏది ఎంచుకున్నా అది రోగం కాదు, రోగంలో ఒక ముక్క. ఏ ముక్కో ప్రోటోకాల్ మొదటి పేజీలోనే ఒక వాక్యంలో రాసుకోండి.

రెండో మెట్టు: అనుమతి

మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ ఈ ప్రయోగాలను పర్యవేక్షిస్తుంది. చాలాకాలం సీపీసీఎస్‌ఈఏ అన్నారు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ. సీనియర్లు ఇంకా పాత పేరే అంటారు, కంగారుపడకండి. ఎలుకలు, చిట్టెలుకల లాంటి చిన్న జంతువులకు మీ సంస్థలోని జంతు నైతిక కమిటీ (ఐఏఈసీ) అనుమతి చాలు. ఫారం బి నింపాలి.

నొప్పి ప్రయోగానికి ఆ ఫారంలో అందరూ తడబడే చోటు ఒకటుంది: సర్జరీ తర్వాత నొప్పి మందు ఇస్తారా, ఇవ్వరా? "ఇస్తే మోడల్ పాడవుతుంది" అని ఒక ముక్క రాసి ఊరుకుంటే కమిటీలోని వెటర్నరీ డాక్టర్ నిలదీస్తారు, నిలదీయాలి కూడా. మీరు కొలవబోయేది నరం నొప్పిని, కోసిన చర్మం నొప్పిని కాదు. కొలతలు వారం తర్వాత మొదలయ్యేటప్పుడు మొదటి ఒకటి రెండు రోజులు నొప్పి మందు ఇవ్వడానికి చాలాసార్లు అడ్డేమీ ఉండదు. ఇస్తే అన్ని గ్రూపులకూ ఒకేలా ఇవ్వాలి. ఇవ్వలేమంటే కారణం స్పష్టంగా రాయాలి.

ఎప్పుడు ఆపేస్తారో కూడా ముందే రాయండి. బరువు 20 శాతం తగ్గితే, కాలివేళ్లు కొరుక్కోవడం మొదలుపెడితే, తిండీ నీళ్లూ మానేస్తే ఆ ఎలుకను ప్రయోగం నుంచి తీసేసి నొప్పి లేకుండా ముగించాలి. నరం దెబ్బతిన్న ఎలుక తన వేళ్లు తనే కొరుక్కోవడం నిజంగానే జరుగుతుంది. రోజూ పాదాలు చూడాల్సిందే.

మెలకువగా ఉన్న జంతువుల మీద నొప్పి ప్రయోగాలకు 1983లో జిమ్మర్‌మన్ కొన్ని నియమాలు రాశారు. వీలైనచోట ఆ ప్రేరణను పరిశోధకుడు ముందు తన మీదే పరీక్షించుకోవాలన్నది అందులో ఒకటి. ఎలుక పాదం మీద నొక్కి కొలిచే నైలాన్ తంతువును (ఆరో మెట్టులో వస్తుంది) మీ అరచేతి మీద, పెదవి మీద పెట్టుకుని చూడండి. 15 గ్రాముల తంతువు ఎలా ఉంటుందో తెలిశాక చేతికి దానంతటదే నెమ్మది వస్తుంది.

మూడో మెట్టు: గ్రూపులు, చీటీలు, కళ్లకు గంతలు

సీసీఐకి కనీసం నాలుగు గ్రూపులు కావాలి: ఉత్తుత్తి సర్జరీ చేసినవి, సీసీఐ చేసి మందు బదులు ద్రావకం మాత్రమే ఇచ్చినవి, సీసీఐ చేసి గ్యాబాపెంటిన్ లాంటి, నరాల నొప్పికి పనిచేస్తుందని తెలిసిన మందు ఇచ్చినవి, సీసీఐ చేసి మీ మందు ఇచ్చినవి. ఉత్తుత్తి సర్జరీలో చర్మం కోసి, కండ పక్కకు తీసి, నరం చూసి, ముడి వేయకుండా కుట్టేస్తారు. గ్రూపుకు ఆరు అని ఆనవాయితీగా రాసేయకండి. ఎంత తేడా వస్తే మీకు ముఖ్యమో తేల్చుకుని, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకోగల అవకాశం) లెక్కగట్టండి. అవసరానికి తక్కువ ఎలుకలతో ఏమీ తేలని ప్రయోగం చేస్తే అన్ని ఎలుకలూ ఊరికే బాధపడ్డట్టే.

ఏ ఎలుక ఏ గ్రూపుకు వెళ్లాలో చీటీలు తీసి నిర్ణయించండి. పంజరంలో ముందు చేతికి దొరికేది మందకొడి ఎలుక, చివర దొరికేది చురుకైనది. దొరికినవి దొరికినట్టు వరసగా గ్రూపులు చేస్తే తేడా అక్కడే పుట్టేస్తుంది.

బ్లైండింగ్ (ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చారో కొలిచేవాళ్లకు తెలియనివ్వకపోవడం) గురించి నా సొంత అవమానం ఒకటి చెప్పాలి. నేను మొదటిసారి ఒక మొక్క కషాయాన్ని పరీక్షించినప్పుడు మందు ఇచ్చిందీ నేనే, కొలిచిందీ నేనే. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది, గ్యాబాపెంటిన్‌ను దాటేసింది. నెల తర్వాత పక్క బెంచీ అమ్మాయి సీసాలకు అంకెలు వేసి, ఏది ఏదో నాకు చెప్పకుండా ఇచ్చింది. మళ్లీ చేస్తే తేడా దాదాపు మాయమైపోయింది. నేను అబద్ధం చెప్పలేదు. "ఇది లాక్కున్నట్టా, కదిలినట్టా" అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి ఆశపడినవైపే రాసింది.

ఇక ఆడ, మగ. *పెయిన్* పత్రికలో అంతకుముందు పదేళ్లలో వచ్చిన జంతు ప్రయోగాలను 2005లో మోగిల్, చంద లెక్కపెడితే కనీసం 79 శాతం ఒక్క మగ జంతువులతోనే చేసినవి. దీర్ఘకాలిక నొప్పితో బాధపడే మనుషుల్లో ఆడవాళ్లే ఎక్కువన్నది గుర్తుంచుకుంటే ఈ అంకె ఇంకా వింతగా ఉంటుంది. 2015లో సోర్జ్, మోగిల్ బృందం చూపించింది మరీ ముఖ్యం: మగ చిట్టెలుకల్లో నరాల నొప్పికి వెన్నుపాములోని మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలు అవసరమైతే, ఆడవాటిలో అవి లేకుండానే నొప్పి అంతే ఉంది. "ఆడవాటికి హార్మోన్ల గొడవ ఎక్కువ" అని తప్పించుకోవడానికి ఇక వీల్లేదు. రెండింటినీ సగం సగం పెట్టండి.

నాలుగో మెట్టు: మచ్చిక

ఎలుకలు వచ్చిన రోజే కొలవడం మొదలుపెట్టకండి. వారం రోజులు యానిమల్ హౌస్‌కు అలవాటు పడనివ్వండి. తర్వాత మూడు నాలుగు రోజులు రోజూ చేతిలోకి తీసుకోండి, జాలీ మీద గాజుపెట్టెలో అరగంట కూర్చోబెట్టండి. కొత్త చోట ఎలుక అటూ ఇటూ వాసన చూస్తూ తిరుగుతుంది. ఒళ్లు సర్దుకోవడం, మూతి తుడుచుకోవడం మానేసి నాలుగు కాళ్ల మీద నిమ్మళంగా నిలబడ్డాకే కొలత. ఆ తర్వాత వేర్వేరు రోజుల్లో రెండు మూడు బేస్‌లైన్‌లు (సర్జరీకి ముందు కొలతలు) తీసుకోండి. సర్జరీకి ముందే కాలు లాక్కునే ఎలుకను పక్కన పెట్టే నియమం కూడా ముందే రాసి ఉంచాలి.

కొలిచే మనిషి మారకూడదు, కొలిచే వేళ మారకూడదు. 2014లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించినదాని ప్రకారం, గదిలో మగవాడు ఉన్నా, చివరికి మగవాడు తొడిగిన టీషర్టు ఉన్నా చాలు, టెన్షన్‌తో ఎలుకలూ చిట్టెలుకలూ నొప్పి తక్కువగా చూపిస్తాయి. సగం కొలతలు మీరు తీసి సగం చెల్లెలు లాంటి జూనియర్‌తో తీయిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఐదో మెట్టు: సీసీఐ సర్జరీ

మత్తు దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. చాలా ల్యాబుల్లో చేతికి అందేది కెటమిన్, జైలజిన్. కానీ కెటమిన్ ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకుంటుంది. వెన్నుపాములో నొప్పి ముదరడానికి కీలకం ఆ గ్రాహకాలే. మీరు పుట్టించాలనుకుంటున్నదాన్ని ఆపే మందుతోనే సర్జరీ మొదలుపెట్టినట్టు. ఐసోఫ్లురేన్ యంత్రం ఉంటే అదే వాడండి. లేకపోతే అన్ని గ్రూపులకూ ఒకే మత్తు ఇచ్చి, ఏది ఇచ్చారో దాచకుండా రాయండి.

తొడ మధ్యలో వెంట్రుకలు గొరిగి, శుభ్రం చేసి, చర్మం కోసి, బైసెప్స్ ఫెమోరిస్ కండను కత్తిరించకుండా మొద్దు కత్తెర మొనతో విడదీయండి. కింద తెల్లటి దారంలా తుంటి నరం కనిపిస్తుంది. మూడు పాయలుగా చీలేచోటికి కాస్త పైన ఏడు మిల్లీమీటర్ల మేర చుట్టుపక్కల పొరల నుంచి విడిపించండి. లోహపు పట్టకారుతో నరాన్ని పట్టుకోవద్దు, గాజు కొక్కెంతో ఎత్తండి. 4-0 సైజు క్రోమిక్ క్యాట్‌గట్ అనే కుట్టు దారంతో దాదాపు ఒక మిల్లీమీటరు ఎడంతో నాలుగు ముడులు వేయండి. కాలు చిన్నగా అదిరిన క్షణాన ఆపేయాలి. ముడి నరాన్ని తాకుతూ ఉండాలి, కానీ నరం పైపొర మీది సన్నటి రక్తనాళాల్లో ప్రవాహం ఆగకూడదు. ఆ నాళాలను చూడటానికి భూతద్దమో మైక్రోస్కోపో తప్పనిసరి.

నా మొదటి బ్యాచ్‌లో ముడులు బిగిసిపోయాయి. సగం ఎలుకలు పాదం ఈడ్చుకుంటూ నడిచాయి, ఏ తంతువు పెట్టినా కదల్లేదు. స్పర్శే పోయిన కాలును చూసి "నొప్పి లేదు" అనుకునే ప్రమాదం ఉందని అప్పుడే అర్థమైంది. ఒక్కరే, ఒకే చేత్తో అన్ని ఎలుకలకూ చేయండి. క్యాట్‌గట్ అయిపోయిందని మధ్యలో సిల్కు దారానికి మారొద్దు. క్యాట్‌గట్ తెచ్చే వాపు కూడా ఈ మోడల్‌లో భాగమే.

తర్వాత మెత్తటి పరుపు వేసిన పంజరంలో తోటి ఎలుకలతో ఉంచండి. నొప్పి కొన్ని రోజుల్లో మొదలై, రెండో వారానికి బాగా తెలుస్తుంది, సుమారు రెండు నెలలు ఉంటుంది.

ఆరో మెట్టు: వాన్ ఫ్రే తంతువులు

మాక్సిమిలియన్ వాన్ ఫ్రే 19వ శతాబ్దం చివర మనుషుల స్పర్శ కొలవడానికి గుర్రపు వెంట్రుకలు వాడాడు. ఇప్పుడవి నైలాన్ తంతువులు. వంగేదాకా నొక్కితే ప్రతి తంతువూ ఇంతే బలం ఇస్తుందన్నది సూత్రం. నైలాన్ తేమ పీల్చుకుని మెత్తబడుతుందని చాలామంది మర్చిపోతారు. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో తీసిన కొలతలూ వేసవిలో ఏసీ గదిలో తీసినవీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. గదిలో తేమ ఎంతో రోజూ రాసుకోండి. వారానికోసారి తంతువును ఎలక్ట్రానిక్ త్రాసు పళ్లెం మీద వంగేదాకా నొక్కి, ఎన్ని గ్రాములు చూపిస్తుందో సరిచూసుకోండి.

పద్ధతి 1994లో చాప్లాన్ బృందం చెప్పినదే, పైకీ కిందకీ. 0.4 గ్రాముల నుంచి 15 గ్రాములదాకా ఎనిమిది తంతువులు. 2 గ్రాములతో మొదలుపెట్టండి. అరికాలు మధ్యలో నిట్టనిలువుగా ఆనించి, కొంచెం వంగనిచ్చి, ఆరు నుంచి ఎనిమిది సెకన్లు పట్టుకోండి. చటుక్కున కాలు లాక్కున్నా, తీసిన వెంటనే విదిలించినా "అవును". అప్పుడు దానికంటే సన్నటి తంతువుకు వెళ్లాలి. కదలకపోతే "లేదు", అప్పుడు లావు తంతువుకు. అది ఊరికే నడక మొదలెడితే ఏదీ రాయకండి, ఆగి మళ్లీ చేయండి. "లేదు" కాస్తా "అవును"గానో, "అవును" కాస్తా "లేదు"గానో మారిన ఆ రెండింటితో కలిపి మొత్తం ఆరు జవాబులు కావాలి. ఆ వరసను డిక్సన్ పట్టికలో చూసుకుంటే కె అనే అంకె వస్తుంది. చివరి తంతువు పిడి మీద ఉన్న అంకెకు, కెను 0.224తో గుణించి కలపండి. 10ని ఆ మొత్తానికి ఘాతం చేసి 10,000తో భాగిస్తే, సగంసార్లు కాలు లాక్కునే బలం గ్రాముల్లో వస్తుంది. ఎస్‌ఎన్‌ఐ చేసినవాళ్లు మాత్రం అరికాలి మధ్యలో కాదు, సూరల్ నరం వెళ్లే బయటి అంచులో పెట్టాలి. తప్పుచోట పెట్టి "మోడల్ రాలేదు" అనుకున్నవాళ్లను చూశాను.

వేడికి 1988 నాటి హార్‌గ్రీవ్స్ పద్ధతి (అరికాలికి కింద నుంచి వేడి కాంతి పెట్టి ఎన్ని సెకన్లకు లాక్కుంటుందో చూడటం), చలికి పాదం మీద ఎసిటోన్ చుక్క. వేడికి 20 సెకన్ల గడువు దాటనివ్వకండి, చర్మం కాలుతుంది.

ఏడో మెట్టు: కాలు లాక్కోవడాన్ని దాటి

వెన్నుపాము పైభాగంలో తెగి, మెదడుతో సంబంధం లేని ఎలుక కూడా కాలు లాక్కుంటుంది. కాబట్టి అదొక్కటే కొలిచి నొప్పి అనేస్తే కుదరదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో నొప్పి అంటే ఇంద్రియానుభవం మాత్రమే కాదు, భావోద్వేగానుభవం కూడా. నోటితో చెప్పలేనంత మాత్రాన జంతువుకు నొప్పి లేదనకూడదని కూడా ఆ సంఘం చేర్చింది.

నాకు నచ్చిన పరీక్ష బొరియ తవ్వడం. ఒక గొట్టంలో 2.5 కిలోల గులకరాళ్లు పోసి పంజరంలో పెడితే ఆరోగ్యంగా ఉన్న ఎలుక సరదాగా తవ్వి బయట పోస్తుంది. బాధలో ఉన్నది తక్కువ తవ్వుతుంది. మిగిలిన రాళ్లు తూకం వేయడమే కొలత, ఖర్చు దాదాపు లేదు. నొప్పి మందు నిజంగా పనిచేస్తే తవ్వకం పెరగాలి. మత్తు వల్ల కాలు లాక్కోకపోతే తవ్వకం పెరగదు. ఒకే దెబ్బకు రెండు అనుమానాలు తీరతాయి.

ఇంకొకటి, చోటును ఇష్టపడటం. 2009లో కింగ్ బృందం ఇలా చేసింది: నరం దెబ్బతిన్న ఎలుకకు ఒక గదిలో నొప్పి తగ్గించే మందు, ఇంకో గదిలో ఉత్త సెలైన్ ఇచ్చారు. తర్వాత స్వేచ్ఛగా వదిలితే ఉపశమనం దొరికిన గదికే అది వెళ్లింది. నొప్పి లేని ఎలుకకు ఆ గది మీద మోజు లేదు. ఎవరూ ముట్టుకోకపోయినా లోపల సలుపుతోందని ఎలుక చెప్పగలిగిన దగ్గర దారి ఇదే. పని ఎక్కువ, కానీ విలువైనది.

ముఖకవళికల స్కేలు గురించి అడుగుతుంటారు. వాపుకూ, సర్జరీ తర్వాతి నొప్పికీ అది బాగుంటుంది. 2010లో దాన్ని తెచ్చినవాళ్లే నరాల నొప్పి మోడళ్లలో ముఖం మారలేదని చూశారు.

ఎనిమిదో మెట్టు: మందు

నొప్పి పూర్తిగా స్థిరపడ్డాకే, అంటే సీసీఐలో 10 నుంచి 14 రోజుల తర్వాతే మందు మొదలుపెట్టండి. సర్జరీ రోజు నుంచే ఇస్తే అది నివారణ అవుతుంది. రోగి మన దగ్గరికి వచ్చేది నొప్పి వచ్చాకే. గ్యాబాపెంటిన్ గ్రూపులో మెరుగు కనిపించకపోతే మీ మందు గురించి ఏమీ అనకుండా ముందు మీ పద్ధతిని సరిచూసుకోండి. ప్రతి డోసుకూ రోటరాడ్ అనే తిరిగే కడ్డీ మీద నిలకడ పరీక్షించండి. గ్యాబాపెంటిన్ కూడా ఎక్కువైతే ఎలుకను తూలేలా చేస్తుంది.

ఇన్ని జాగ్రత్తలెందుకని అడిగితే ఎన్‌కే1 మందుల కథ చెబుతాను. సబ్‌స్టెన్స్ పి అనే రసాయనాన్ని అడ్డుకునే ఈ మందులు జంతువుల్లో నొప్పిని బాగా తగ్గించాయి. 1990లలో మనుషుల మీద పరీక్షిస్తే ఒకదాని తర్వాత ఒకటి విఫలమయ్యాయి. వాటిలో అప్రెపిటాంట్ 2003లో బజారుకు వచ్చింది, కానీ కీమో వాంతులకు. అటువైపు నత్త విషం నుంచి పుట్టిన జికోనోటైడ్ జంతువుల్లోనూ పనిచేసింది, మనుషుల్లోనూ పనిచేసింది. 2004లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. మోడళ్లన్నీ వృథా అనడం ఎంత తప్పో, ఎలుకలో తగ్గింది కాబట్టి మనిషిలోనూ తగ్గుతుందనడం అంతే తప్పు.

చివరి మెట్టు: లెక్క, రాత

ఎనిమిది ఎలుకలకు ఐదేసిసార్లు తంతువు పెడితే మీ సంఖ్య నలభై కాదు, ఎనిమిదే. వారాల తరబడి అదే ఎలుకను కొలుస్తారు కాబట్టి రిపీటెడ్ మెజర్స్ పద్ధతో, మిక్స్‌డ్ మోడలో వాడండి. తంతువుల బలాలు లాగ్ స్కేలులో పెరుగుతాయి కనుక విశ్లేషణ కూడా ఆ స్కేలులోనే చేస్తే సర్దుకుంటుంది. తీసేసిన ప్రతి ఎలుకనూ కారణంతో సహా రాయండి. జంతు ప్రయోగాలను ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాల 2020 నాటి రూపంలో పది తప్పనిసరి అంశాలున్నాయి. వాటిని థీసిస్ రాసేటప్పుడు కాకుండా ప్రోటోకాల్ రాసేరోజే గోడకు అంటించుకోండి.

ఇక ఫలితాల అధ్యాయంలో "నొప్పి తగ్గింది" అని రాయకండి. "పాదం లాక్కోవడానికి కావలసిన బలం పెరిగింది, తవ్విన రాళ్ల బరువు పెరిగింది" అని రాయండి. వైవాలో ఎగ్జామినర్ "అయితే నొప్పి తగ్గినట్టేనా?" అని అడుగుతారు. అప్పుడు మీ దగ్గరున్న రెండు మూడు రకాల కొలతలు ఒకేవైపు చూపిస్తున్నాయా లేదా అన్నది వరసగా చెప్పండి. అవి పొసగకపోతే పొసగలేదనే చెప్పండి.